బాదం ఉన్ని

కృపామణికి ముక్కు మీద కోపం అని సౌదీలో అల్ ఖర్జ్‌లోని ఆ ఆసుపత్రిలో అందరికీ తెలుసు. నెలలు నిండని పిల్లల వార్డులో ఏళ్ళ తరబడి నర్సుగా చేస్తోంది. ఆమె డ్యూటీలో ఉంటే చేతులు కడుక్కోకుండా డాక్టర్లు సైతం లోపలికి అడుగు పెట్టరు. ఒకసారి పెట్టిన పెద్ద డాక్టరు గుమ్మం దగ్గరే ఎన్ని చీవాట్లు తిన్నాడో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ నోటికి భయపడేవాళ్ళే ఆ చేతుల్ని చూసి ముచ్చటపడతారు. నర్సాపురం దగ్గర లేసు అల్లే ఇంట్లో పుట్టిన చేతులవి. వార్డులో పిల్లల తలలకు ఉండే బుల్లి టోపీలన్నీ ఆమె అల్లినవే.

మొదట్లో బజారు ఊలుతో అల్లేది. సర్దార్ పరిచయమయ్యాక ఆల్పాకా ఉన్ని దొరికింది. జగిత్యాల వైపు నుంచి వచ్చిన సర్దార్ ఊరి బయట ఒక డబ్బున్నాయన తోటలో ఆల్పాకాలను కాచేవాడు. ఒంటె జాతివేగాని మేక కంటే కాస్త ఎత్తు, ఒళ్ళంతా పట్టులాంటి ఉన్ని. ఎక్కడో చలికొండల్లో తిరగాల్సిన జీవాలను తన పిల్లల సరదా కోసం ఈ ఎండల్లోకి తెచ్చి కట్టేశాడు ఆ కఫీల్, అంటే సర్దార్‌కు వీసా ఇచ్చిన యజమాని. ఏటా వేసవి ముదరకముందే ఉన్ని కత్తిరించి, పేడతో పాటు గోతిలో పోయించేవాడు. చేతికి కుట్లు వేయించుకోవడానికి వచ్చిన సర్దార్ చొక్కాకు ఆ పీచు అంటుకుని ఉంటే కృపామణి వేళ్ళతో తీసి, నలిపి చూసి, "ఇంత మంచి ఉన్ని గోతిలో పోస్తన్నారా? మీకేం పోయేకాలవండీ?" అని అక్కడికక్కడే దులిపేసింది. తరువాతి శుక్రవారం అతను సంచీడు తెచ్చి ఇచ్చాడు. అప్పటినుంచీ ఏటా తెస్తూనే ఉన్నాడు. ఆమె పెట్టిన చేపల పులుసు తినడమే తప్ప ఎన్నడూ ఏదీ అడగలేదు.

ఈ ఏడు అడిగాడు.

ఉన్ని కత్తిరించేవాడు మార్చిలోనే రావాలి. తోట చూసుకునే మేనేజరు, ముదీర్ అంటారు అక్కడ, వద్దన్నాడు. పండక్కి కఫీల్ చుట్టాలు వస్తారట, ఆల్పాకాలతో ఫోటోలు దిగుతారట, బొచ్చు నిండుగా ఉంటేనే అందమట. మనుషులు ఏసీ గదిలోంచి బయటకు రాలేని ఎండలో ఆ మూగజీవాలు నాలుగు వేళ్ళ మందం ఉన్ని మోస్తూ రేకుల షెడ్డులో నిలబడ్డాయి. కూలరు చెడిపోయింది. బాగు చేయించమని సర్దార్ మొత్తుకున్నా వినేవాడు లేడు. చుట్టాలు వచ్చారు, ఫోటోలు దిగారు, బిర్యానీ తిని వెళ్ళిపోయారు. ఆ మర్నాడే బాదం చచ్చిపోయింది.

బాదం అంటే, తల్లి దగ్గరకు రానివ్వకపోతే సర్దార్ సీసాపాలు పట్టి పెంచిన గోధుమరంగు ఆడది. పూడ్చేముందు అతనే కత్తెర పట్టుకుని కూర్చుని దాని ఉన్ని అంతా తీశాడు. తీశాక లేచి వెళ్ళి ముదీర్‌ను మొహం మీదే అనాల్సినవన్నీ అన్నాడు. వారం తిరక్కుండా అతని వీసా రద్దుచేసి, ఇక తిరిగి రాకుండా ఎగ్జిట్ కొట్టి, విమానం టికెట్ చేతిలో పెట్టారు.

"దీంతోని ఒక మఫ్లర్ జేసియ్యరాదు సిస్టర్," అన్నాడు సర్దార్, రెండు సంచులు గుమ్మంలో దించి. "దాన్ని గీ ఇసుకల ఇడిసిపెట్టి ఉత్త చేతులతోని పోబుద్ధయితలేదు."

కృపామణి సంచి మూతి విప్పి చూసింది. "ఫోటోల కోసం చంపేశారా దాన్ని! ఆ ముదీర్‌కి రెండు రగ్గులు కప్పి అదే షెడ్డులో కట్టేయాలి. మీరేం దిగులుపడకండి. విమానం ఎక్కేలోపు మఫ్లర్ మీ మెళ్ళో ఉంటది," అని మాట ఇచ్చింది.

ఆ రోజే పని మొదలుపెట్టింది. ఒక సంచిలో ఉన్నది వీపు మీది ఉన్ని, అన్నిటికన్నా మెత్తనిది. బాల్కనీలో దుప్పటి పరిచి గడ్డిపరకలు ఏరి, దులిపి, పాయలు పాయలుగా విడదీసింది. గొర్రె ఉన్నిలా దీనికి జిడ్డు ఉండదు, ఉండేదంతా దుమ్మే. గోరువెచ్చని నీళ్ళలో ముంచి, చెయ్యి పెట్టకుండా వదిలేస్తే అదే దిగిపోతుంది. వేడినీళ్ళు పోసినా, పిసికినా పీచు పీచుకు పెనవేసుకుని గట్టి ముద్దవుతుంది. ఆపైన దాన్ని విడదీయడం ఎవరి తరమూ కాదు. డ్యూటీ నుంచి వచ్చి నానబెడదామని, ఏరిన ఉన్ని బుట్టలో పెట్టి వెళ్ళింది.

ఆ ఫ్లాటులో ఆమెతో పాటు షైని ఉంటుంది. కాకినాడ పిల్ల, కొత్తగా వచ్చిన నర్సు. మనసు మంచిది, భయం ఎక్కువ. ఒంటెల నుంచి మనుషులకు సోకే జ్వరం గురించి ఆ నెలలోనే ఆసుపత్రిలో పాఠం చెప్పారు. అది ఆ పిల్ల బుర్రలో గట్టిగా నాటుకుపోయింది.

కృపామణి తిరిగొచ్చేసరికి ఇల్లంతా డెట్టాల్ వాసన. వాషింగ్ మెషీన్ ముందు షైని నవ్వుతూ నిలబడి ఉంది.

"నీకెందుకక్కా శ్రమ అని నేనే ఉతికేశాను. ఫుల్ వేడిలో, రెండుసార్లు. ఒంటె జాతి కదా, అందులోనూ చచ్చిపోయినదాని బొచ్చు. మన వార్డులో పసిపిల్లలకి ఏవన్నా అంటుకుంటే?"

కృపామణి మెషీన్‌లో చెయ్యి పెట్టింది. చేతికి వచ్చింది ఉన్ని కాదు. చెప్పు అట్టలా బిగుసుకుపోయిన ఒక ముద్ద. లాగింది, ఊడలేదు. గోళ్ళతో గీకింది, రాలేదు.

"ఎవర్నడిగి చేసావే?" అంది. గొంతు చిన్నగానే మొదలైంది. తరువాత మెట్ల మీద వెళ్ళేవాళ్ళు కూడా ఆగిపోయారు. "వార్డులో నా అనుమతి లేకుండా దూది ముక్క ముట్టవు గదా, ఇంట్లో నా బుట్ట ఎందుకు ముట్టావే? ఆ మడిసి ఇన్నేళ్ళల్లో ఒక్కటంటే ఒక్కటడిగాడు. వాళ్ళు దాన్ని ఎండలో చంపారు. నువ్వు మెషీన్‌లో ఏసి మళ్ళీ చంపావు!"

షైని ఏడుస్తూ గదిలోకి వెళ్ళిపోయింది. కృపామణికి జాలి కలగలేదు. అన్నం పెట్టుకుంది, తినలేక పారబోసింది. సర్దార్‌కు ఫోను చేసి చెప్పేద్దామని మూడుసార్లు ఫోను తీసి, ప్రతిసారీ పక్కన పడేసింది.

మిగిలింది రెండో సంచి. మెడదీ కాళ్ళదీ కలిసిన పొట్టి బొచ్చు, గరుకు. అలాంటిది ఆమె ఎప్పుడూ వడకదు, చెత్తలో వేస్తుంది. ఈసారి గత్యంతరం లేదు. ముళ్ళలాంటి వెంట్రుకలు ఒక్కొక్కటే ఏరాలి. రెండో రోజు షైని వచ్చి దుప్పటికి అటువైపు కూర్చుని ఏరడం మొదలుపెట్టింది. కృపామణి పలకరించలేదు, పొమ్మనీ అనలేదు. కడిగి ఆరబెట్టి, పిల్లుల బొచ్చు దువ్వే తీగల బ్రష్షులతో దువ్వి, తకిలి పట్టుకుంది. చేతుల్లో కోపం ఉంటే నూలు ఊరుకోదు. మెలి ఎక్కువై తాడులా బిగుసుకుపోయింది. తెంపి పారేసింది. మళ్ళీ వడికింది. ఆ కఫీల్‌ను, ముదీర్‌ను, షైనిని, ఫోటోలు దిగిన ప్రతి ఒక్కరినీ తిట్టుకుంటూ వడికింది, తిట్టుకుంటూనే అల్లింది.

విమానం రోజు మధ్యాహ్నం సర్దార్ వచ్చాడు. కింద కారు ఆగి ఉంది. తలుపు చాటున షైని తన పేరు ఎప్పుడు బయటకు వస్తుందా అని బిక్కచచ్చి నిలబడింది.

"ముందే చెప్తన్నాను సర్దార్ గారూ," అంది కృపామణి. "మెత్తటి ఉన్ని మా ఇంట్లో పాడైపోయింది. ఎలా అని అడక్కండి. ఇది మెడదీ కాళ్ళదీను. గరుకు, గుచ్చుతది. నాకు మాత్రం నచ్చలేదు. మొహమాటానికి బాగుందన్నారో, నాకు ఒళ్ళు మండుద్ది."

సర్దార్ బాగుందనలేదు. మఫ్లర్ అందుకుని అరచేత్తో ఒకసారి అటు, ఒకసారి ఇటు నిమిరాడు.

"బతికున్నప్పుడు అది ఈపు మీద ఎన్నడు చెయ్యి ఎయ్యనియ్యలే సిస్టర్," అన్నాడు. "ఏస్తే మీద ఉమ్ముతుండె. ఈపు గంత మెత్తగుంటదని సచ్చినంక కత్తిరిస్తుంటెనే ఎరుకైంది. పాలు పట్టినప్పుడు మెడనే పట్టుకుంటుంటి. సచ్చేటప్పుడు గూడ గదే పట్టుకున్న. గిట్లనే ఉండె."

అని, మఫ్లర్‌ను మెడకు రెండు చుట్లు చుట్టుకుని మెట్లు దిగాడు. బయట నిప్పులు కురుస్తున్నాయి.

"తియ్యండది! ఎండదెబ్బ కొట్టి చస్తారు, తియ్యండి!" అని కృపామణి మెట్ల మీదినుంచి అరిచింది. అతను తియ్యలేదు. కారు కదిలిపోయింది. ఖాళీ రోడ్డు వైపు చూస్తూ, "తియ్యండయ్యా, తియ్యండి" అని ఆమె ఇంకా అరుస్తూనే ఉంది.