పుష్ప ఎంచుకున్న గల్లీ

ఖమ్మంలో కిరాయి ఇల్లు వెతకడానికి పుష్ప, కోటేష్ ఒకే ఒక్క రోజు పెట్టుకున్నారు. కూతురు సంగీతను తండాలో అత్త పూలి దగ్గర వదిలి, మణుగూరులో మొదటి బస్సు ఎక్కి వచ్చారు. సాయంత్రం బస్సుకల్లా ఏదో ఒక ఇల్లు మాట్లాడుకొని తిరిగి పోవాలి.

వాళ్ళ తండా పినపాక దగ్గర. కోటేష్ బొగ్గు గనుల్లో కాంట్రాక్టరు కింద టిప్పర్ నడిపేవాడు. సంగీత వాళ్ళకు ఒక్కతే కూతురు. ఏడాది నిండకముందే ఆ పిల్ల ఒళ్ళు పాలిపోయింది. పరీక్షలు చేసి తలసేమియా అన్నారు. ఒంట్లో రక్తం సరిగా తయారు కాదు కాబట్టి మూడు వారాలకోసారి బయట నుంచి ఎక్కించాలి. అప్పటినుంచి ఏడేళ్ళుగా ఖమ్మం పెద్ద దవాఖానాకు తిరుగుతూనే ఉన్నారు. పిల్లది బీ నెగెటివ్. కొన్నిసార్లు వెళ్ళిన రోజే దొరికేది. కొన్నిసార్లు రెండు రోజులు వరండాలో పడుకున్నా దొరికేది కాదు. అట్లా రక్తం ఎక్కకుండానే తిరిగొచ్చేటప్పుడు సంగీత బస్సు కొత్తగూడెం దాటగానే అడిగేది.

"యాడీ, దిగినంక నన్ను ఎత్తుకుంటవా? నడవరాదు నాకు."

యాడి అంటే వాళ్ళ భాషలో అమ్మ. ఎనిమిదేళ్ళ పిల్లను చంకనేసుకొని రోడ్డు నుంచి తండా దాకా నడిచిన రోజునే పుష్ప మొగుడితో అంది, ఖమ్మం పోదామని. కోటేష్ రెండో మాట మాట్లాడలేదు. ట్రాలీ ఆటో నడిపే పని ఒకటి మాట్లాడుకున్నాడు.

ఖానాపురంలో ఉండే కోటేష్ మేనమామ హాతీరాం మొదటి ఇల్లు చూపించాడు. రెండు గదులు, బోరు నీళ్ళు, ఎదురుగా బడి. చుట్టూ తమవాళ్ళే. కోటేష్‌కు గుమ్మంలోనే నచ్చేసింది. రెండోది దవాఖానాకు ఆనుకున్న వీధిలో చిన్న గది. పుష్ప రెండూ చూసింది.

"రమణగుట్ట దిక్కు గూడ ఒకసారి చూద్దాం," అంది.

"ఆడేమున్నది?"

"చూద్దాం పా."

గల్లీ పేరు, గుర్తులు అన్నీ ఆమెకు ముందే తెలుసు. వెతుక్కోకుండా నేరుగా తీసుకుపోయింది. పద్మావతమ్మ అనే పెద్దావిడ ఇంటి వెనక రేకుల గది ఖాళీగా ఉంది. కిటికీ కింద నుంచే మురికి కాలువ. కుళాయి నీళ్ళు రోజు విడిచి రోజు.

"మీరేమిటోళ్ళు?" అని అడిగింది పద్మావతమ్మ.

"లంబాడోళ్ళం అమ్మా."

ఆమె వాకిలి వైపు చూసింది. "మేకలు గిట్ల తెచ్చి కట్టేయరు గదా?" అంది.

కోటేష్‌కు ఒళ్ళు మండింది. పెళ్ళాన్ని గల్లీ మొదట్లోకి తీసుకొచ్చి నిలదీశాడు. అప్పుడు చెప్పింది పుష్ప. మూడు నెలల కింద బ్లడ్ బ్యాంకు వాళ్ళు ఫోన్ చేస్తే ఖాకీ బట్టల్లో ఒకాయన వచ్చాడు. రక్తం ఇచ్చి, ఎవరికని కూడా అడగకుండా డ్యూటీకి టైమైందని పోయాడు. బల్ల మీద పడుకొని అక్కడి మనిషితో ఆయన మాట్లాడిన మాటలు తలుపు పక్కన నిలబడ్డ పుష్ప విన్నది.

"సమ్మయ్య ఆయన పేరు. బస్సు డ్రైవర్. ఈ గల్లీలనే ఉంటడు. తమ్ముడు రాజుది, చెల్లె వనజది గూడ బీ నెగెటివే అన్నడు. వాళ్ళు గూడ ఈడనే ఉంటరు. ముగ్గురున్నరు ఒక్క తాన."

కోటేష్ కాలువ గట్టు మీద కూర్చొని గల్లీ లోపలికి చూశాడు. "వాళ్ళతోని ఏమని చెప్తవ్?"

"ఏం చెప్పను."

అట్లా ఆ గల్లీకి వచ్చారు. సమ్మయ్య ఇల్లు నాలుగిళ్ళ అవతల. ఆయన భార్య ప్రమీలకు నడుము నొప్పి. కుళాయి వచ్చే రోజు పుష్ప తన బిందెల కంటే ముందు ఆమె బిందెలు నింపి ఇంట్లో పెట్టి వచ్చేది. జొన్నరొట్టెలు చేస్తే ఆ ఇంటికి నాలుగు పోయేవి. పిల్లకు రక్తం ఎక్కిస్తారని గల్లీలో అందరికీ తెలుసు. ఏ రక్తమో పుష్ప చెప్పలేదు. బ్యాంకు వాళ్ళు ఫోన్ చేస్తే సమ్మయ్య పోయి ఇచ్చి వచ్చేవాడు. తనను మామా అని పిలుస్తూ ఇంట్లో టీవీ చూసే పిల్లకే అది పోతోందని ఆయనకు తెలియదు.

చెబితే భయపడతారేమో, దూరం పెడతారేమో అని పుష్ప భయం. రోజులు గడిచినకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది. సమ్మయ్యకు జలుబు చేస్తే ఆమెకు తిండి పోయేది కాదు. రాజుకు పచ్చకామెర్లు వచ్చినప్పుడు ప్రమీల మరిది కోసం ఏడుస్తుంటే పుష్ప కూడా పక్కన కూర్చొని ఏడ్చింది. కానీ ఆ మాట వినగానే తన మనసులోకి మొదట వచ్చింది రాజు కాదు. ఇక ఏడాది దాకా అతని రక్తం తీసుకోరు కదా అని. ఇంటికొచ్చి కోటేష్‌తో చెప్పుకొంది.

"పాలిచ్చే బర్రెను చూసుకున్నట్టు చూస్తున్న నేను వాళ్ళను. మనిషినేనా నేను?"



ఆ సంగతి బయటపెట్టింది సంగీతే. ఒక ఆదివారం సమ్మయ్య ఫోన్లో మాట్లాడుతూ తనది బీ నెగెటివ్ అన్నాడు. అక్కడే కూర్చున్న పిల్ల సంబరంగా, "నాది గూడ గదే మామా! గందుకే మా యాడి మమ్మల్ని ఈ గల్లీకి తెచ్చింది. మా బాపు చెప్పిండు," అంది.

ప్రమీల నేరుగా రేకుల గదికి వచ్చింది.

"అవ్‌నా పుష్పా? మా బిందెలు నింపింది గందుకేనా? నా నడుముకు నూనె రాసింది గందుకేనా?"

"మొదలు గందుకే అక్కా."

"మరి ఇప్పుడు?"

ఇప్పుడు ఏది ఎందుకో పుష్పకే తెలియదు. ప్రమీల వెళ్ళిపోయింది. ఆ తర్వాత రెండు వారాలకు పైగా మాట్లాడలేదు. పుష్ప నింపిపెట్టిన బిందెలను గుమ్మం బయటే ఒంపేసి, నడుము పట్టుకొని మళ్ళీ తనే నింపుకొంది.

రక్తం ఎక్కించే రోజు వచ్చింది. బ్యాంకులో లేదన్నారు. సమ్మయ్యకు ఫోన్ చేయమని పుష్ప ఎవరినీ అడగలేదు. పిల్లను పక్కన పడుకోబెట్టుకొని వార్డులో కూర్చొంది. పదకొండింటికి సమ్మయ్య తనంతట తనే డ్యూటీ బట్టల్లో వచ్చి రక్తమిచ్చాడు. పరీక్షలన్నీ అయి రక్తం సంచి స్టాండుకు తగిలించేదాకా ఉన్నాడు. ఎప్పుడూ లేంది వార్డు లోపలికొచ్చి మంచం మీద కూర్చొని అడిగాడు. "ఏం పిల్లా, నాదేనా ఎక్కేది?"

వరండాలో ప్రమీల టిఫిన్ డబ్బా పట్టుకొని నిలబడి ఉంది. "మొదలే చెప్తే ఏం పోయేది నీది?" అంది పుష్పతో. డబ్బా చేతిలో పెట్టింది.

ఆమె కోపం అక్కడితో పూర్తిగా పోలేదు. చాన్నాళ్ళ దాకా ఏ చిన్న తగువు వచ్చినా ఆ మాట ఎత్తేది. కానీ ఆ రోజు నుంచి సంగీతకు రక్తం ఎక్కించే తారీఖులు ఆ ఇంట్లో వాళ్ళకే ఎక్కువ గుర్తుండేవి. వనజ ఇవ్వడానికి పోతే బరువు చాలదని తిప్పి పంపారు. ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకొని వచ్చి, రెండు నెలలు పట్టుబట్టి తిని మళ్ళీ పోయి ఇచ్చింది. సంగీత బడికి పోయింది, నాలుగు, అయిదు తరగతులు చదివింది. గల్లీలో సైకిల్ నేర్చుకొంది.

ఎక్కించే రక్తంతో పాటు ఒంట్లోకి ఇనుము చేరుతుంది. దాన్ని తీసేసే మందులు పుష్ప ఒక్క రోజు కూడా తప్పకుండా వేసింది. అయినా అది గుండెకు పట్టింది. పదకొండో ఏట, వానాకాలంలో, సంగీతకు ఆయాసం మొదలైంది. కాళ్ళు వాచాయి. దవాఖానాలో చేర్చిన సంగతి తెలిసి సమ్మయ్య పరుగున వచ్చి, చొక్కా చేయి పైకి మడిచి డాక్టరు ముందు నిలబడ్డాడు.

"నాది తీసుకోండ్రి సార్. మూడు నెలలైంది ఇచ్చి."

"రక్తంతో అయ్యేది కాదయ్యా ఇప్పుడు," అన్నాడు డాక్టరు.

సమ్మయ్య మడిచిన చేతిని కిందికి దించుకోవడం కూడా మర్చిపోయి సాయంత్రం దాకా అక్కడే తిరిగాడు. మూడో రోజు పొద్దున పిల్ల పోయింది.

తండా దగ్గరే పాతిపెట్టారు. కోటేష్ పదిహేను రోజులకు పనికి పోయాడు, పుష్ప అత్త దగ్గరే ఉండిపోయింది. ఆ గది ఖాళీ చేసి వేరే దిక్కు చూడనా అని కోటేష్ ఫోన్లో అడిగితే, నీ ఇష్టం అంది. ఏ ఊరైనా, ఏ ఇల్లైనా ఆమెకు ఒకటే అయిపోయింది.

నెల దాటాక ఒక మధ్యాహ్నం ప్రమీల ఆ నడుముతో బస్సులు మారి, దారి అడుక్కుంటూ తండాకు వచ్చింది. పూలి ఇచ్చిన నీళ్ళు తాగి, పుష్ప పక్కన నేల మీద కూర్చొంది.

"గది ఎవరికీ ఇయ్యొద్దని పద్మావతమ్మకు చెప్పిన. ఆమె గూడ ఇయ్యనన్నది. రా, పోదాం."

"నాకేం పనున్నది అక్కా ఇంక ఆడ?"

"పనుంటేనే ఉంటరా?" అని ప్రమీల గట్టిగా అంది. అని, తనే ఏడ్చింది.

మర్నాడు ఇద్దరూ కలిసి ఖమ్మం బస్సెక్కారు. కోటేష్ గదిని ఊడ్చి ఉంచాడు. పిల్ల బట్టలు మూట కట్టి అటక మీద పెట్టాడు. ఆ మరుసటి పొద్దున కుళాయి వచ్చింది. పుష్ప బిందె తీసుకొని బయటికి వచ్చింది. వరుసలో ఉన్న ఆడవాళ్ళు ఆమెకు దారి ఇచ్చారు. బిందె సగం నిండేదాకా నిలబడింది. తర్వాత కుళాయి పక్కనే తడి నేల మీద కూర్చొని, పిల్ల పోయినప్పటినుంచీ రాని ఏడుపు గొంతెత్తి ఏడ్చింది. ఎవరూ ఊరుకోబెట్టలేదు. ప్రమీల ఒక చేత్తో నడుము పట్టుకొని వంగి, నిండిన బిందెను పక్కకు జరిపి, ఆమె పక్కన కూర్చొంది.