డిక్కీలో మా వదిన

ట్రాములు తిరిగే వాట్‌గంజ్ పేటలో మా గేరేజీ నడిపింది మా వదిన. కారులో చప్పుడు ఎక్కడిదో తేలకపోతే డిక్కీలో దూరి పడుకుని, ట్రాము పట్టాల మీద నడపమనేది. గొప్పలనుకుంటే అనుకోండి, అలా వినే మిస్త్రీని నేను మరెక్కడా చూడలేదు.

తెలుగువాడైన ఒక బ్యాంకు ఆఫీసరు కారుకి గట్టి స్ప్రింగులు, కొత్త షాకబ్జార్బర్లు నేనే వేశాను. మర్నాడే ఆయన తిరిగొచ్చాడు.

"గుంత వస్తే చాలు కిర్రుమంటోంది. అన్నీ పీకేయండి. మీ గేరేజీకి ఇంకెవరూ రాకుండా చూస్తాను."

వదిన డిక్కీ ఎక్కుతుంటే నవ్వాడు. "పడుకుంటే చప్పుడు పోతుందామ్మా?"

"ముందు నడపండి బాబూ."

తిరిగొచ్చి నన్నడిగింది. "కారు జాకీ మీదున్నప్పుడే బోల్టులు బిగించేసినావేటి?"

"అవును వదినా."

"చక్రాలు గాల్లో ఉంటే కీళ్లలో ఉన్న రబ్బరు బుష్షులకి బరువేటి తెలుస్తాదిరా? నేలకి దించాక మెలిపడి ఏడుస్తన్నాయి."

కారు నేల మీద నిలబెట్టి, బోల్టులు వదులు చేసి మళ్లీ బిగించాను. "తప్పు మాదే" అని ఆఫీసరుతో అంది, నా వైపు చూడకుండా. తర్వాత తాళాలు అందుకుంది.

"ఈసారి మీరు పడుకోండి బాబూ, నేను నడుపుతాను."

పడుకున్నాడు. పట్టాలు దాటి వచ్చాక మూత తీస్తే, లేవకుండానే అన్నాడు: "ఏమీ వినబడలేదమ్మా. ఇంకోసారి తిప్పు."