ఎర్ర బిళ్ల లేని ఇల్లు

బుఖారెస్ట్‌లో ఇల్లు వెతికేవాళ్లు ఎండ పడుతుందా, నీళ్లు బాగా వస్తాయా అన్నవి తర్వాత అడుగుతారు. ముందు అడిగే మాట ఒకటే ఉంటుంది. "ముందుదా, తర్వాతదా?" డెబ్బై ఏడులో వచ్చిన భూకంపానికి ముందు కట్టిందా, తర్వాత కట్టిందా అని దాని అర్థం. భూకంపం అన్న మాట ఎవరూ ఎత్తరు, ఎత్తకుండానే అందరికీ తెలుస్తుంది. స్మరాండా అయితే పలకరింపు కంటే ముందు ఈ ప్రశ్నే వేసేది. తలుపు తీసినవాళ్లు జవాబు చెప్పేలోపే ఆమె చూపు పైకప్పుకు వేలాడే దీపం మీదకు పోయేది. అది ఊగుతోందా, నిలకడగా ఉందా అని.

"ఇల్లు చూడ్డానికొచ్చావా, దీపం చూడ్డానికొచ్చావా?" అని అత్తగారు వేతా దెప్పేది. "కాస్త వంటిల్లు చూడవే తల్లీ! పొయ్యి ఎక్కడ పెడతావో ఏమో!"

"వంటిల్లు కూలాక పొయ్యి ఎక్కడుంటే ఏంటి అత్తయ్యా?"

"ఛీ, నీ నోట మంచి మాట రాదు కదా!" అని వేతా కీడు తగలకుండా తలుపు చెక్క మీద వేళ్లతో టకటకా కొట్టి, శిలువ గుర్తు వేసుకునేది.

స్మరాండా బర్లాద్ అనే చిన్న ఊళ్లో పుట్టి పెరిగింది. అక్కడే కుట్టుపని నేర్చుకుని బట్టల ఫ్యాక్టరీలో చేరింది. అక్కడే సాండుని ప్రేమించి పెళ్లి చేసుకుంది, ఇలింకాని కన్నది. కొత్త శతాబ్దం వచ్చిన కొత్తలో ఆ ఫ్యాక్టరీ మూతపడింది, సాండు పనిచేసే కార్ఖానా కూడా నేడో రేపో అన్నట్టుంది. అలాంటప్పుడు రాజధాని బుఖారెస్ట్‌లో ట్రాముల డిపోలో అతనికి మెకానిక్ ఉద్యోగం దొరికింది. అదృష్టమంటే మీదేనని వీధంతా మెచ్చుకుంది. స్మరాండా మాత్రం స్నానాలగదిలో తలుపేసుకుని ఏడ్చింది.

ఆమె భయానికి కారణం ఉంది. నాన్న చెల్లెలు ఆవురికా బుఖారెస్ట్‌లో మిఠాయి దుకాణంలో పనిచేసేది. పండక్కి వస్తే చేతినిండా చాక్లెట్లు తెచ్చేది. డెబ్బై ఏడు మార్చి నెలలో ఒక రాత్రి భోజనాలవేళ బర్లాద్‌లో దీపం ఊగి, గోడ మీది పటం కిందపడినప్పుడు స్మరాండా బడికెళ్లే పిల్ల. వాళ్ల ఇంటికి ఏమీ కాలేదు. బుఖారెస్ట్‌లో ఆవురికా ఉన్న భవనం మాత్రం నేలమట్టమైంది. నాన్న వెతకడానికి వెళ్లి వారం తర్వాత ఒంటరిగా తిరిగొచ్చాడు. ఏం చూశాడో ఎవరికీ చెప్పలేదు. అప్పటి నుంచి ఆయన ఏ ఇంట్లో కూర్చున్నా తలుపు దగ్గరే కూర్చునేవాడు. అనుమానం పెనుభూతమంటారు. స్మరాండాకు ఆ భూతం తండ్రి ఇచ్చిన ఆస్తి.

ఆదివారాలన్నీ వెతుకులాటకే పోయాయి. టిటాన్ అనే పేట వైపు చెరువూ చెట్లూ ఉన్నాయి, భవనాలు 'తర్వాతవి'. ధర వినగానే సాండు టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు. ఊరి చివర ఇంకో పేట చూశారు, అదీ 'తర్వాతదే'. డిపోకి పోవాలంటే రెండు బస్సులు మారాలి, బడికి పోయే దారిలో వీధికుక్కలు గుంపులుగా తిరుగుతున్నాయి. "పిల్లని కుక్కల పాలు చేసి, మనం మాత్రం కూలని ఇంట్లో కూర్చుందామా?" అన్నాడు సాండు. స్మరాండా ఆ పేటనీ వదిలేసింది. కొంచెం నిదానించి ఆలోచించి ఉంటే ఏదో దారి దొరికేది. భయపడేవాళ్లకు నిదానమెక్కడిది?

చివరికి ఊరి నడిబొడ్డున ఒక ఇల్లు దొరికింది. పాతది, నాలుగంతస్తులది, పైకప్పులు ఎత్తుగా ఉన్నాయి. ఎదురుగానే బడి, డిపోకి నడిచిపోవచ్చు, మలుపులో చర్చి, దాని పక్కనే కూరగాయల సంత. వేతా గుమ్మంలోనే "ఇదే!" అనేసింది. కానీ అది 'ముందుది', మామూలు ముందుది కూడా కాదు, తాతల నాటిది.

"వద్దు," అంది స్మరాండా.

భవనం బాగోగులు చూసే జెలు నవ్వాడు. మాటకారి మనిషి. "అమ్మా, ఇది నలభైలో వచ్చిన దాన్నీ తట్టుకుంది, డెబ్బై ఏడులో వచ్చిన దాన్నీ తట్టుకుంది. రెండుసార్లు పడనిది మూడోసారి మీ కోసం పడుతుందా? అదిగో, ఎదుటి వరస చూడండి, తలుపు పక్కన ఎర్ర బిళ్ల ఉంది. మాకు ఉందా? మీరే చూసుకోండి."

ఆ ఊళ్లో ఎర్ర బిళ్ల అంటే పసిపిల్లలకు కూడా తెలుసు. పెద్ద భూకంపం వస్తే నిలవదని ఇంజనీర్లు తేల్చిన భవనానికి పళ్లెమంత ఎర్రటి బిళ్ల బిగిస్తారు. స్మరాండా భవనం చుట్టూ తిరిగింది. ముందు తలుపు, వెనక తలుపు, పక్క సందు, అన్నీ వెతికింది. ఎక్కడా బిళ్ల లేదు. కింది గోడంతా కొత్తగా పసుపు రంగు వేసి ఉంది. ఎంత శ్రద్ధగా చూసుకుంటున్నారో అనుకుంది. కింది వాటాలో ఉండే ముసలావిడ ఒలింపియా అక్రోట్లు దట్టంగా వేసి చుట్టిన తీపి రొట్టె తెచ్చి, అందరికీ ముక్కలు కోసి పెట్టింది. ఇంతమంచి మనుషులున్న ఇల్లు ఎక్కడ దొరుకుతుంది?

"సరే, తీసుకుందాం," అంది స్మరాండా. ఆ మాట అన్నది ఆమే, సాండు కాదు, వేతా కాదు. బర్లాద్‌లో ఇల్లు అమ్మగా వచ్చిందంతా దీంట్లో పెట్టేశారు.

మొదట్లో ట్రాము పోయినప్పుడల్లా గాజు గ్లాసులు గణగణమంటే ఆమె గుండె ఆగినంత పనయ్యేది. బీరువాను గోడకు మేకులతో బిగించింది. బరువైన వస్తువేదీ మంచాల పైన లేకుండా చూసుకుంది. మెల్లగా గణగణ అలవాటైంది. ఇలింకాకి స్నేహితులు దొరికారు, స్మరాండాకు ఇంట్లోనే కుట్టుపని దొరికింది. ఒక రోజు పొద్దున లేచి, ముందటి సాయంత్రం నుంచి దీపం వంక ఒక్కసారి కూడా చూడలేదని గుర్తొచ్చి తనే ఆశ్చర్యపోయింది.

రెండో చలికాలంలో ఒలింపియా మోకాళ్లు పట్టేశాయి. "అమ్మాయ్, కాస్త నేలమాళిగలోకి దిగి నా పీపాలోంచి రెండు క్యాబేజీలు తెచ్చిపెట్టవూ? ఆకుల్లో మాంసం కూరి సర్మాలే చుట్టాలి. నీకూ కావలసినన్ని తీసుకో," అంది. అక్కడ ప్రతి ఇల్లూ శీతాకాలానికి క్యాబేజీ ఉప్పునీళ్లలో ఊరేసుకుంటుంది. స్మరాండా దీపం పట్టుకుని దిగింది. పీపా మీద రాయి బరువు పెట్టి ఉంది. రాయి తీసింది, రాయి కింద మూత ఉంది. మూత గుండ్రంగా, ఎర్రగా ఉంది. దాని మీద అక్షరాలున్నాయి. అంచుల్లో మరలు బిగించే చిల్లులున్నాయి.

ఆమె రాతి మెట్టు మీద కూలబడింది. ఆ మాళిగ మీద నాలుగంతస్తులున్నాయని, అందులో మూడో అంతస్తులో తన కూతురు కూర్చుని లెక్కలు చేసుకుంటోందని గుర్తొచ్చింది. ఎలా లేచిందో ఏమో, ఆ బిళ్ల చేతపట్టుకునే మెట్లెక్కి ఒలింపియా వంటింట్లో నిలబడింది.

"పిన్నీ, ఏంటిది?"

"మూత."

"మూత కాదు ఇది!"

"ఇప్పుడు మూతే," అంది ఒలింపియా. అన్నాక ముఖం పాలిపోయింది. ఆమెకి నిజంగానే గుర్తులేదు. రెండు చలికాలాలు మూతగా వాడితే ఏదైనా మూతే అయిపోతుంది.

"ఎవరు పీకారు?"

"ఎవరని చెప్పనమ్మా? అందరం కూర్చుని అనుకున్నాం. జెలు నిచ్చెనెక్కాడు, నేను నిచ్చెన పట్టుకున్నాను. బిళ్ల ఉంటే ఒక్కడు కొనడానికి రాడు. మా అబ్బాయి వాడి వాటా అమ్ముకోలేక అల్లాడిపోయాడు. పీకాక గోడ మీద గుండ్రంగా మచ్చ కనిపించింది, అందుకే రంగేయించాం."

"మాకు చిన్నపిల్ల ఉందని తెలుసు కదా!"

"తెలుసు. అందుకే ఆ రోజు రొట్టెలో అక్రోట్లు ఎక్కువేశాను."

వెటకారం కాదది, ఒలింపియా కళ్లలో నీళ్లున్నాయి. స్మరాండాకు ఆ ముసలిదాని గొంతు పిసకాలనిపించింది, అంతలోనే ఆమె ఒళ్లో తల పెట్టుకుని ఏడవాలనీ అనిపించింది. రెండూ చేయకుండా ఇంటికి వెళ్లింది.

సాండు అంతా విన్నాడు. "అమ్మేద్దాం," అన్నాడు చివరికి.

"ఎవరికి?"

"మనలాంటి వాళ్లకే," అన్నాడు తల వంచుకుని.

ముందు నుయ్యి, వెనుక గొయ్యి. స్మరాండాకు మళ్లీ నిద్ర కరువైంది. కూతురికి మాత్రం తెలియనివ్వలేదు. ఇలింకా అడిగితే తలనొప్పి అని చెప్పేది. భయం తనతో ఆగిపోవాలని, పిల్ల దాకా పోకూడదని ఆమె పంతం.

వసంతంలో పై అంతస్తు వాటా అమ్మకానికి వచ్చింది. కొనడానికి ఒక జంట వస్తోందని తెలిసి సాండు ముందే హెచ్చరించాడు. "వాళ్లు కొంటే ధర నిలుస్తుంది, ఏడాదిలో మనమూ బయటపడొచ్చు. నిన్ను అబద్ధం చెప్పమనట్లేదు. నోరెత్తకు, అంతే."

వచ్చిన అమ్మాయి పేరు డోయ్నా. చంకలో పసివాడున్నాడు. మాట వినగానే తమ వైపు మనిషని తెలిసిపోయింది. జెలు ఆమెను నేరుగా స్మరాండా గుమ్మం దగ్గరికే తీసుకొచ్చాడు. "ఇదిగోండి, మీ ఊళ్ల వైపు ఆవిడే. నా మాట నమ్మకపోతే ఆవిణ్నే అడగండి." మెట్ల మీద నలుగురు పోగయ్యారు. ఒలింపియా రొట్టె పళ్లెంతో నిలబడింది.

"అక్కా, నాకు భయంగా ఉంది," అంది డోయ్నా గొంతు తగ్గించి. "ఇది ముందుదట కదా. బిళ్ల లేదు, ఇంకేం భయమని మా ఆయనంటున్నాడు. మీరు హాయిగా నిద్రపోతున్నారా?"

స్మరాండాకు నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది. ఆమె వెనక నుంచి ఇలింకా తల బయటపెట్టింది.

"ఏం భయం లేదాంటీ! మా అమ్మకంటే భయస్తురాలు ఈ ఊళ్లోనే ఉండదు. ఆవిడే వెతికి వెతికి ఈ ఇల్లు పట్టింది. అమ్మ సరేనందంటే ఇక చూసుకోనక్కర్లేదు!"

అందరూ నవ్వారు. డోయ్నా కూడా నవ్వింది, ఆమె ముఖం తేటపడింది. ఆ నమ్మకం ఎలా ఉంటుందో స్మరాండాకు తెలుసు. పసుపు గోడ చూసి తనూ అలాగే నమ్మింది.

"కొనకు చెల్లీ," అంది. "బిళ్ల ఉండేది. వీళ్లు పీకేశారు. నేను తెలియక కొన్నాను. నువ్వు తెలిసి కొనకు."

డోయ్నా ఎవరి వంకా చూడలేదు. పసివాడి తల మీద చెయ్యి అడ్డుపెట్టి, అప్పుడే పైకప్పు రాలుతున్నట్టు గబగబా మెట్లు దిగింది. భర్త వెంట పరిగెత్తాడు.

"ఊరందరిదీ ఒక దారి, నీదొక దారా?" అంది ఒలింపియా. "మా నోట్లోనే కాదే అమ్మాయ్, నీ నోట్లో కూడా మన్ను కొట్టుకున్నావు." జెలు మెట్లు దిగి వెళ్లిపోయాడు. తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి.

ఇంట్లో సాండు కోప్పడలేదు. "ఇక మనది ఎవడు కొంటాడు?" అని మాత్రం అడిగాడు. వేతా శిలువ గుర్తు వేసుకుని బల్ల దగ్గర కూర్చుండిపోయింది.

ఇలింకా తల్లి వైపే చూస్తోంది. "ఆ ఆంటీని వద్దన్నావు. మరి మనమెందుకు ఉంటున్నామమ్మా ఇక్కడ?"

"వెళ్లిపోదాం."

"ఎప్పుడు?"

స్మరాండా బల్ల మీది గ్లాసులు సర్దసాగింది. ఇలింకా తన గదిలోకి పోయింది. కాసేపటికి నేల మీద ఏదో ఈడుస్తున్న చప్పుడైంది. స్మరాండా పరిగెత్తి చూసింది. పిల్ల తన మంచాన్ని గుమ్మం వైపు లాగుతోంది. మంచం కోడు తివాచీలో ఇరుక్కుంది.

"ఏంటే ఇది?"

"గోడలు పడ్డా గుమ్మం నిలుస్తుందని బళ్లో టీచర్ చెప్పింది," అంది ఇలింకా, కోడు వంకే చూస్తూ. "ఇక్కడ పడుకుంటే లేవగానే గుమ్మం కిందే ఉంటాను."

స్మరాండా వద్దనలేదు. ఏం భయం లేదని కూడా అనలేదు. మంచం రెండో కొస పట్టుకుంది, ఇద్దరూ కలిసి దాన్ని గుమ్మం దగ్గరికి జరిపారు.