నా మీద నేనే నెగ్గిన పోటీ

ఆ రోజుల్లో మా నూజివీడు వైపు తండ్రికి ఎదురు చెప్పాలంటే నోరొక్కటే ఉంటే చాలదు, మధ్యవర్తి కూడా కావాలి. ఎస్సెల్సీ పూర్తి కావస్తున్న నాకు బెజవాడ హాస్టల్లో ఉండి పీయూసీ చదవాలని కోరిక. నాన్న మాత్రం హాస్టలంటే పిల్లలు చెడిపోవడానికి ప్రత్యేకంగా కట్టిన బిల్డింగు అనుకునేవారు. అందుకని మాకు ఉపవాచకంగా ఉన్న ఒక పాత నవలని మధ్యవర్తిగా పట్టుకున్నాను. అందులో తండ్రి, కొడుకు ఎక్కడ చెడిపోతాడోనని ఇరవయ్యేళ్లు వచ్చేదాకా ఊరి పొలిమేర దాటనివ్వడు. ఆయన్ని చూసైనా నాన్న మెత్తబడతారని రోజూ సాయంత్రం మా మామిడితోటలో కూర్చుని చదివి వినిపించాను. (నా వయసు పదిహేను, తెలివి కూడా అంతే.) ఆఖరి పేజీ అయ్యాక నాన్న కండువా దులుపుకుని, ఆయనెవరో బాధ్యత తెలిసిన మనిషన్నారు.

ఇక మిగిలిన ఆశ మైలవరంలో వక్తృత్వ పోటీ. విషయం ఆ నవలే: తండ్రి చేసింది ఒప్పా, తప్పా? తప్పని దంచేసి, నలుగురి చేతా చప్పట్లు కొట్టించి నాన్న మనసు మార్చాలని నా ఎత్తు. బతిమాలి ఆయన్ని వెంట తీసుకెళ్లి ముందు వరసలో కూర్చోబెట్టాను. తీరా ఎవరు ఏ పక్షమో తేల్చే చీటీ తీస్తే నాకు ‘ఒప్పు’ వచ్చింది. నేర్చుకున్నవేవీ పనికి రాకుండా పోయాయి. ఎదురుగా నాన్న కనబడేసరికి నోటికి తోటే వచ్చింది.

“అంటు మొక్క చిన్నప్పుడే పూతకొస్తుందండీ. మా నాన్న ఆ పూత గిల్లేస్తారు. మొక్క మీద కోపంతో కాదండీ, అప్పుడే కాపు మోస్తే అది ఎదగదని.”

హాల్లో సగం మంది పిల్లల వెంట వచ్చిన మామిడి రైతులే. చప్పట్లు ఆగలేదు. నా హాస్టల్ని నా నోటితోనే పాతిపెట్టి, మొదటి బహుమతి కప్పు పుచ్చుకుని దిగాను.

తిరుగు బస్సులో నాన్న ఆ కప్పు ఒళ్లో పెట్టుకుని కండక్టరుకి రెండుసార్లు చూపించారు. నేను ఏడుపు ఆపుకుంటూ కిటికీలోంచి చూస్తున్నాను. కాసేపటికి ఆయనే అన్నారు.

“బాగా చెప్పావురా అబ్బాయ్. కానీ మనం గిల్లేది మూడేళ్లేరా. ఆ తర్వాత కూడా గిల్లితే అది జాగ్రత్త కాదు, భయం. ఆ నవల్లో ఆయనకి తోట ఉన్నట్టు లేదు. నీకు గిల్లుడు అయిపోయింది. బెజవాడలో అప్లికేషన్ ఎప్పుడు పెట్టాలో కనుక్కో.”

బస్సు దిగి ఇంటిదాకా పరిగెత్తాను. కప్పు మోసుకుంటూ నాన్న వెనక వచ్చారు. ఇప్పటికీ ఎవరైనా నా వాగ్ధాటిని మెచ్చుకుంటే నవ్వొస్తుంది. అంత బాగా గెలిచిన వాదన నేను ఆ బస్సులోనే ఓడిపోయాను. ఓడిపోయి అంత సంతోషపడటం మళ్లీ ఎన్నడూ దక్కలేదు.