మిరపకాయల ఇంటి దగ్గు

మా మేనత్త పోయిందని పొద్దున్నే నాందేడ్ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. నిద్రలోనే, నొప్పి తెలియకుండా పోయిందట. నిజామాబాద్‌లో బస్సెక్కి దారంతా ఏడ్చాను. ఏడుస్తూనే, డాక్టర్లు మొదట చెప్పినదానికన్నా ఎన్నో ఏళ్లు ఎక్కువే మాతో ఉంది కదా అనుకున్నాను.

నాందేడ్‌లో మాది ఎండుమిరపకాయల దుకాణం. కింద వ్యాపారం, పైన కాపురం. బస్తా విప్పితే పై వంటింట్లో కూడా తుమ్ములూ దగ్గులూనే. అందుకే మా ఇంట్లో దగ్గును ఎవరూ లెక్కచెయ్యరు. తాత దగ్గినా మిరప ఘాటే, పెదనాన్న దగ్గినా మిరప ఘాటే. బీడీ ముట్టని ఆ ఇద్దరూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోతే, నేరం మిరపకాయల మీదికి తోసి, గోదాం వేరే వీధికి మార్చి ఊరుకున్నాం.

అత్తమ్మ చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకుని పుట్టింటికి వచ్చేసింది. గల్లాపెట్టె దగ్గర ఆమెదే రాజ్యం. రైతులతో మరాఠీలో, హమాలీలతో దక్కనీలో గట్టిగా పోట్లాడి, లోపలికొచ్చి వాళ్లనే మాతో తెలుగులో మెచ్చుకునేది. మిరపకాయ విరిచి వాసన చూసి, అదే చేత్తో మా బుగ్గలు గిల్లేది. ఆ మంట ఇప్పటికీ గుర్తే.

ఆమెకూ దగ్గు మొదలైంది. ఆ దగ్గూ మిరప ఖాతాలోకే పోయింది. చివరికి స్కాన్ తీస్తే ఊపిరితిత్తిలో పెద్ద గడ్డ. డాక్టరు మందుల సంగతి కన్నా ముందు మా ఇంటి సంగతి అడిగాడు. మీ వాళ్లలో ఇంకెవరికి, ఏ వయసులో, ఏ క్యాన్సర్ వచ్చిందని. ఉన్న సంగతి దాచేశాం. రోగం పేరు బయటికొస్తే పిల్లల సంబంధాలు చెడతాయని మాకు భయం.

అత్తమ్మ పెత్రమాస దాకా ఆగింది. ఆ అమావాస్య నాడు పోయిన పెద్దల పేర్లు చెప్పి అయ్యగారికి బియ్యం ఇస్తాం. నాన్న తాతముత్తాతల పేర్లు చెబుతుంటే ఆమె మధ్యలో ఆపేసింది.

"పేరొక్కటి చెప్తే ఎట్ల? దేంతోని పోయిండో గది గూడ చెప్పు. బయటికిచ్చిన ఆడపిల్లల్ని ఎందుకు ఇడిశిపెట్టినవ్? లగ్గం చేస్తే నెత్తురు మారుతదా?"

అయ్యగారు బిత్తరపోయారు. నాన్న ముఖం ఎర్రబడింది. ఆమె ఎవరినీ చూడకుండా తనే అందుకుంది. ముద్‌ఖేడ్‌కు ఇచ్చిన తన అక్కకు రొమ్ములో, ఆ అక్క కొడుకుకు ఎముకలో, తాతకు, పెదనాన్నకు ఊపిరితిత్తిలో. పేరు పేరుకూ గుప్పెడు బియ్యం పళ్లెంలో పోసింది. పళ్లెం నిండేసరికి నాన్న కోపం దిగిపోయి, కళ్లలో నీళ్లు తిరిగాయి. మిరపకాయలది ఏ పాపమూ లేదని అందరికీ అర్థమైంది.

తర్వాత ఆ పేర్లన్నీ డాక్టరుకు చెప్పి, ఆయన మాట మీద అందరం జన్యు పరీక్ష చేయించుకున్నాం. పుట్టుకతోనే వచ్చి క్యాన్సర్‌కు దారితీసే లోపం అది, తల్లి నుంచి రావచ్చు, తండ్రి నుంచీ రావచ్చు. తమ్ముడికి రాలేదు. నాకు వచ్చింది. ఇక క్రమం తప్పకుండా స్కాన్ తీయించుకోవాలన్నారు. నేను భయంతో వెళ్లనని మొండికేశాను. అత్తమ్మ మాత్రల సంచీ పట్టుకుని, అంత ఆయాసంలోనూ బస్సెక్కి నిజామాబాద్‌లో నా ఇంటికొచ్చింది.

"నాకు గడ్డ పెద్దగైనంక తెలిసింది బిడ్డా. నీకు ముందుగాల్నే తెలుస్తది. నాకు లేని నసీబు నీకున్నది, దాన్ని పారేస్కోకు."

స్కాన్‌లో చిన్న మచ్చ కనిపించింది. క్యాన్సరే. ముదరకముందే కోసి తీసేశారు. ఆపరేషన్ అయ్యాక నేను కళ్లు తెరిచేసరికి అత్తమ్మ పక్కన కూర్చుని తాపీగా జొన్నరొట్టె తింటోంది. నాకు పెట్టొద్దన్నారని, తనకు మాత్రం ఆకలైందని చెప్పింది. నవ్వితే కుట్లు లాగాయి.

ఆమె జబ్బు మాత్రలకు కొన్నేళ్లు లొంగి, చివరికి తిరగబడింది. ఆ ఏళ్లన్నీ గల్లాపెట్టె దగ్గరే కూర్చుంది, వచ్చిన ప్రతి ఆడపిల్లనూ స్కాన్ సంగతి అడుగుతూ.

దినాలు అయిన మర్నాడు దుకాణం తెరిచాం. బయటి ఊళ్లకు ఇచ్చిన ఆడపిల్లలందరూ ఉన్నారు. తమ్ముడు కొత్త బస్తా విప్పాడు. నాకు దగ్గొచ్చింది. అందరూ నావైపే చూశారు. మిరప ఘాటని ఒక్కరూ అనలేదు.

"స్కాన్ ఎప్పుడున్నది అక్కా?" అన్నాడు తమ్ముడు.

పోయిన నెలే అయిందనీ, ఏమీ లేదన్నారనీ చెప్పాను. ఈసారి ఇది నిజంగా మిరపేనని కూడా చెప్పాను. అందరూ ఊపిరి వదిలి నవ్వారు. గల్లాపెట్టె వెనక ఖాళీ కుర్చీ మీద మిరప దుమ్ము ఎర్రగా, పలుచగా వాలుతోంది. నేను అక్కడే నిలబడి గుండెనిండా గాలి పీల్చుకుని, మళ్లీ హాయిగా దగ్గాను.