మూసెయ్యని ఫైలు

తాగుడు మానుకోవడానికి తల్లులు పిల్లలతో సహా వచ్చి ఉండే ఆ కేంద్రంలో వార్డెనమ్మకి కాలు ఒకచోట నిలవదు. వేసిన గొళ్ళెమే మూడుసార్లు చూస్తుంది, మడిచిన దుప్పట్లే మళ్ళీ మడుస్తుంది. ఆ కేంద్రాన్ని మాత్రం కుదురుగా ఎవరుంచారు గనక? ఆరోగ్యశాఖ శిశుసంక్షేమం మీదికి తోసింది, వాళ్ళిప్పుడు మరో శాఖకి అంటగట్టారు. కాగితాలు అప్పగింత తీసుకోవడానికొచ్చిన కొత్త శాఖ గుమస్తా ఒక పాత ఫైలు తెరిచి ఆమెకి చూపించాడు.

"అమ్మా, ఇందులో మీ పేరుంది. పదకొండేళ్ళ కింద చేరినట్టుంది గానీ, నయమై వెళ్ళినట్టు లేదు."

"చంకలో పిల్లతో వచ్చాను బాబూ. నయమైందని సంతకం పెట్టాల్సిన రోజుకి శాఖ మారిపోయింది. వీళ్ళనడిగితే వాళ్ళన్నారు, వాళ్ళనడిగితే వీళ్ళన్నారు. చెప్పులరిగేలా తిరిగి, చివరికి ఇక్కడే పనికి కుదిరాను."

"ఇవాళే మా సారుతో సంతకం పెట్టిస్తాను. మూసేద్దాం."

ఆమె ఫైలు లాక్కుని దుప్పట్ల అడుగున దూర్చింది.

"నీ పని నువ్వు చూసుకో. నయమైపోయిందని కాగితం చేతికొస్తే నాకు భయం పోతుంది. ఆ భయం వల్లే ఇన్నేళ్ళూ సీసా ముట్టలేదు."