బావ తాగిన నీళ్ళు

నేను చెప్పే కబుర్లలో ముప్పాతిక కోతలేనని మావాళ్ళందరికీ తెలుసు. ఖిదిర్‌పూర్ రేవులో ఏనుగంత చేప నాకేసి చూసి కన్నుగొట్టిందని చెప్పినవాణ్ణి. ఇది మాత్రం జరిగింది జరిగినట్టే రాస్తున్నాను. కలపడానికి ఓపిక లేదు.

మా బావది, అంటే అక్క మొగుడిది, కార్పొరేషన్‌లో నీళ్ళ వాల్వులు తిప్పే పని. తెల్లారకముందే వాట్‌గంజ్ వీధులన్నిటికీ నీళ్ళు వదిలే మనిషి. అలాంటి మనిషికి కాళ్ళు వాచి, కిడ్నీలు దెబ్బతిన్నాయని తేలాక నీళ్ళు కొలుచుకు తాగమన్నారు. స్కానింగులో కిడ్నీలు మామూలు సైజులో ఉంటే తేరుకునే ఆశ ఉందిట. కుంచించుకుపోయి ఉంటే మాత్రం ఇక బతికినన్నాళ్ళూ డయాలిసిస్సే.

ఊరేగింపులో బస్సు ఇరుక్కుపోతే దిగి, కాళ్ళీడ్చుకుంటూ స్కానింగు సెంటరుకి చేరాం. మూత్రసంచి నిండితేగాని బొమ్మ సరిగ్గా పడదు, అందరూ నీళ్ళు తాగండని అక్కడి మనిషి బెంగాలీలో కేకేశాడు. బావ మొహం వెలిగిపోయింది. ఆర్డరు విన్నావుగా అని నాతో అని, సీసా ఎత్తిపట్టి గటగటా తాగేశాడు. ఎన్నాళ్ళకో తనివితీరా తాగుతున్నాడు, వద్దనలేకపోయాను.

అప్పుడే కరెంటు పోయింది. కాసేపటికి బెంచీల మీదివాళ్ళంతా కాలు మీద కాలేసి, పళ్ళు బిగబట్టి, ఆగిపోయిన ఫ్యాను వంక చూడసాగారు. అందరూ దాదా అని పిలుస్తున్న ఒక బొద్దు బెంగాలీ ఆయన గోడ పట్టుకుని జపం మొదలెట్టాడు. ఒక్కొక్కరే బాత్రూముకి పరిగెత్తి, వచ్చి మళ్ళీ మొదట్నుంచీ తాగుతున్నారు. బావ ఒక్కడే కదల్లేదు. ఏం నిగ్రహమండీ అని దాదా మెచ్చుకుంటే, మాది నీళ్ళ డిపార్టుమెంటు, కట్టెయ్యడం మాకు చేతనవునని నేనో కోత కోశాను. అందరూ నవ్వారు. బావా నవ్వి, నా చెవి దగ్గరకి వంగాడు.

"నానేటీ ఆపట్నేదురా. రావట్నేదు, అంతే."

ఆ తర్వాత కరెంటు రాకపోయినా బాగుండుననిపించింది. వచ్చింది. డాక్టరు తెర మీద కొలిచి, మళ్ళీ కొలిచి, రెండూ చిన్నవైపోయాయన్నాడు. డయాలిసిస్ మీద కొందరు ఏళ్ళ తరబడి నెట్టుకొస్తారు, కొందరికి అంత సాగదు, ముందే చెప్పలేమన్నాడు.

ఇంటికొచ్చేసరికి గుమ్మంలో అక్క అలవాటుకొద్దీ గ్లాసు నిండా నీళ్ళతో నిలబడింది. బావ చెప్పులు విప్పుతూ దాదా జపం, తానొక్కడే గెలవడం, అంతా నా ఫక్కీలో చెప్పుకొచ్చాడు. అక్క నవ్వి నావైపు తిరిగింది.

"అయితే బాగున్నట్టేనేట్రా?"

నేను స్కానింగు కవరు వెనక్కి పెట్టుకున్నాను.

"నేదే," అన్నాడు బావ. "సిన్నవైపోనాయట."

అక్క గ్లాసులో సగం నీళ్ళు బక్కెట్లోకి వంచి, మిగతావి ఆయన చేతికిచ్చింది.